ఫలము కనబడని కర్మ

కర్మ నాలుగు విధములని శాస్త్రము చెప్పుచున్నది: కామ్యము, నిషిద్ధము, నైమిత్తికము, నిత్యము. మొదటి మూడింటి విషయమున సామాన్యునికి సందేహము లేదు. వర్షము కోరువాడు కారీరీష్టి చేయును. అచ్చట ఫలము ముందు, కర్మ వెనుక. నిషిద్ధము చేసినవాడు దుఃఖము పొందును. అదియు సులభముగా తెలియును. గ్రహణమునకు స్నానము, బిడ్డ పుట్టినప్పుడు జాతకర్మ అనునవి నైమిత్తికములు. నిమిత్తము ఎదుట కనబడుచున్నది గనుక వానిని ఎవరును ప్రశ్నింపరు. చిక్కంతయు నిత్యకర్మ వద్దనే. నిన్న సంధ్య వార్చితిమి, నేడు వార్చితిమి, రేపును వార్చవలెను. ప్రతిదినము దేవుని యెదుట దీపము వెలిగింపవలెను. ఇన్నినాళ్ళు చేసినందువలన చేతికి ఏమి వచ్చినది?

ఈ ప్రశ్నను నాస్తికుల ప్రశ్నగా త్రోసిపుచ్చరాదు. పూర్వమీమాంసకులే దీనిపై తరతరములు వాదించిరి. ఇంటిలో ఎదిగిన బిడ్డ ఈ ప్రశ్న అడిగినచో పెద్దలు కోపింపక సంతోషింపవలెను. అడుగువాడు ఇంకను ఆ కర్మను విడువలేదని, విడువవలెనో వద్దో తెలిసికొనగోరుచున్నాడని దాని యర్థము. సఖినేటిపల్లిలో ఒక అర్చకకుటుంబపు యువకుడు ఈ ప్రశ్నయే అడిగెను. సమాధానము అతనికి ఇంటి వద్ద మాటగా దొరకినది. అర్థముగా మాత్రము ఒమాన్ దేశపు ఎడారిలో, చమురుబావి వద్ద దొరకినది.

సఖినేటిపల్లి వసిష్ఠ గోదావరి ఒడ్డున, కోనసీమకు పడమటి అంచున ఉన్నది. రేవున పంటు ఎక్కి ఆవలి ఒడ్డున దిగినచో నరసాపురము. అదే మండలమున దక్షిణముగా పోయినచో అంతర్వేది; అచ్చట వసిష్ఠ సముద్రమున కలియును, లక్ష్మీనరసింహస్వామి పశ్చిమాభిముఖుడై వెలసియున్నాడు. మాఘమాసమున స్వామి కల్యాణమునకును, భీష్మ ఏకాదశినాటి రథోత్సవమునకును వచ్చు జనముతో ఆ ఇసుకనేల నిండిపోవును. ఈ సీమ నేల పైన కొబ్బరి, క్రింద వాయువు. కృష్ణా గోదావరి బేసిన్ భూభాగమున తొలి అన్వేషణ బావిని ఓఎన్‌జీసీ 1978లో నరసాపురము వద్దనే త్రవ్వినది. భూమిలో దాగిన బంగారు నిధిపై నిత్యము నడచుచును, క్షేత్రమును ఎరుగనివారు దానిని పొందజాలరని ఛాందోగ్యోపనిషత్తు ఒక దృష్టాంతము చెప్పినది. ఆ దృష్టాంతము కోనసీమవారికి ఉపమానము కాదు, ఉన్నమాట.

నిధితోబాటు భయమును ఆ నేలలోనే ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద బావినుండి వాయువు ఉవ్వెత్తున ఎగసి మంటలు లేచినవి. ఆ అగ్ని 65 దినములు ఆరలేదు. 'బ్లో ఔట్' అను ఆంగ్లపదము ఆనాటినుండి కోనసీమలో అక్షరము రానివారికిని తెలిసిన తెలుగుమాట అయినది. 2014 జూన్ 27న నగరము గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి, తెల్లవారుచుండగానే ఇరువదిమందికి పైగా ప్రాణములు పోయినవి. ఆ ఉషఃకాలము ప్రాతస్సంధ్య వార్చు వేళ. ఈ యువకుడు ఆనాడు బడిపిల్లవాడు. వాని తాతగారు ఆ ఉదయము అర్ఘ్యమిచ్చి లేచి, వార్త విని, మరల కూర్చుండి చాలసేపు జపము చేసిరి.

ఆ పిల్లవాడు ఎదిగి కాకినాడలో ఇంజనీరింగు చదివెను. ఉపనయనానంతరము తాతగారి వద్ద సంధ్యావందనము, పురుషసూక్తము, నిత్యార్చనకు వలసినంత మంత్రభాగము నేర్చినవాడే. చమురుబావులకు సేవలందించు ఒక విదేశీసంస్థలో ట్రైనీ ఫీల్డ్ ఇంజనీరుగా ఉద్యోగము వచ్చినది. ఇల్లు సంతోషించినది, బెంగపడినది. గ్రామములోని దేవాలయమున తాతగారి తరువాత పళ్ళెము ఎవరు పట్టుదురను ప్రశ్న లేచినది. పినతండ్రి కుమారుడు ముందుకు వచ్చుటతో అది తీరినది. సముద్రయానదోషము మాట నాయనమ్మగారు ఎత్తిరి. తాతగారు దానికి అంతగా చలింపలేదు. వారి చింత వేరు. మనుమడు రెండేండ్లుగా, కాకినాడ వసతిగృహమున ఉండగనే, సంధ్య మానివేసెనని వారికి తెలియును.

బయలుదేరుటకు రెండుదినముల ముందు మనుమడే ఆ మాట తీసెను.

"తాతగారూ, కోపగించుకోకండి. రోజూ మూడుపూటలా సంధ్య వార్చితే ఏమొస్తుందండీ?"

"ఏమీ రాదురా అబ్బాయ్."

"మరి మీరు అరవయ్యేళ్ళుగా చేస్తున్నారు గదండీ?"

"ఔను. చేస్తున్నాను."

అంతకు మించి వారు మాటాడలేదు. వాదించియున్నచో మనుమడు ప్రతివాదము చేసియుండెడివాడు. ఒప్పుకొనుటచేత అతనికి పలుకుటకు మాట లేకపోయినది. 'ఏమీ రాదు' అను ఆ రెండు మాటలను వెంటబెట్టుకొని పంటు దాటి, నరసాపురమున రైలెక్కి, హైదరాబాదునుండి మస్కట్ చేరెను.

ఒమాన్ దేశము 1967నుండి చమురు ఎగుమతి చేయుచున్నది. మస్కట్ నగరమున మత్రా ప్రాంతమునందు శివాలయము, దార్సైత్ నందు శ్రీకృష్ణాలయము ఉన్నవి; అచ్చటి హిందువులకు పర్వదినములు వెలితిగా ఉండవు. కాని బావులు నగరమున లేవు. గంటల తరబడి దక్షిణముగా, పడమరగా పోయినచో గులకరాళ్ళ మైదానము, ఇసుకతిన్నెలు, ఆకాశము. వేసవిని ఎండ 50 డిగ్రీల దరిదాపులకు పోవును. కొబ్బరిచెట్టు నీడలేని చోట నిలుచుట కోనసీమ బిడ్డకు మొదటి పరీక్ష.

అతని వృత్తి 'వైర్‌లైన్ లాగింగు'. త్రవ్విన బావిలోనికి, విద్యుత్తీగలు గల ఉక్కుమోకు చివర యంత్రసాధనములను దింపి, పైకి లాగుచు, ఆయా లోతులందలి శిల స్వభావమును కొలుచుట. 1927 సెప్టెంబరు 5న ఫ్రాన్సులోని పెషెల్‌బ్రాన్ వద్ద తొలిసారి ఈ విధముగా విద్యున్నిరోధమును కొలిచిరి. నేటికిని ఆ విద్య మూలసూత్రము మారలేదు. మూడువేల మీటర్ల క్రింద నున్నదానిని కన్ను చూడలేదు. కావున కొలతయే హేతువు, శిలయందలి ద్రవ్యము సాధ్యము. న్యాయశాస్త్రమున పొగను చూచి కొండపై నిప్పును ఊహించుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఇంత విద్య పొందవచ్చినవానికి మొదటి నెలలలో విద్య ఏదియు చెప్పలేదు. నీలిరంగు కవరాల్ తొడిగి, క్రొత్తవాడని అందరికిని తెలియుటకు ఆకుపచ్చ హెల్మెట్ ఇచ్చి, బావినుండి వచ్చిన సాధనములను కడుగు పని అప్పగించిరి. సత్యకామ జాబాలుడు గౌతముని వద్దకు బ్రహ్మవిద్యకై పోగా, గురువు నాలుగువందల బక్కచిక్కిన గోవులను అప్పగించి అడవికి పంపెను. అవి వేయి అగువరకు తిరిగిరానని శిష్యుడు పోయెను. చివరకు అతనికి విద్య చెప్పినవి ఒక వృషభము, అగ్ని, ఒక హంస, ఒక నీటిపక్షి. ఉపదేశమునకు పూర్వము పరిచర్య ఎందుకనగా, చెప్పినది నిలుచుటకు ముందు పాత్ర శుద్ధి కావలెను. ఎడారిలోని ఆ శిబిరమునందు ఈ న్యాయము ఎవరును ఎరుగరు. అయినను ఆచరణలో ఉన్నది.

అతని పనులలో అతి చిన్నది ఓ రింగులను మార్చుట. రెండు సాధనములు కలియు ప్రతి అతుకువద్ద నీరు చొరబడకుండ నల్లని రబ్బరు వలయములు ఉండును. బావిలో మూడువేల మీటర్ల లోతున, నీటికంటె బరువైన బురద ఒత్తిడి భూమిపై గాలి ఒత్తిడికి మూడువందల రెట్లు మించును. వలయముపై ఒక ఇసుకరేణువు నిలిచినను, ఒక వెండ్రుక పడినను, ఆ దారిన బురద లోనికి చొచ్చి సాధనమును నాశనము చేయును. కావున బావిలో దింపిన ప్రతిసారి పాత వలయము తీసి, గాడిని గుడ్డతో తుడిచి, క్రొత్తది పెట్టి, గ్రీజు పూయవలెను. తీసిన వలయము చూచుటకు క్రొత్తదానివలెనే ఉండును. ఒకనాడతడు అక్కడి పనివారికి పెద్దయైన ఈజిప్టు దేశీయుని, "ఇది బాగానే ఉన్నది గదా, ఎందుకు మార్చవలెను?" అని అడిగెను. ఆ వృద్ధుడు వలయమును వాని అరచేతిలో పెట్టి, "బాగాలేనిది నీ కంటికి కనబడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుంది" అనెను.

ఇట్టి పనులు ఎన్నో. సాధనమును దింపుటకు ముందు ఒకసారి, తీసిన తరువాత ఒకసారి సరిచూచుట. కొంత భాగమును రెండుసార్లు కొలిచి, రెండు గీతలు ఒకదానిపై నొకటి ఒదుగునో లేదో చూచుట. రేడియోధార్మిక పదార్థమును తాళము వేసిన బరువైన పాత్రనుండి తీయుటకు ముందును, మరల పెట్టిన తరువాతను లెక్కించుట. ప్రతి ఉదయము, మెడకు తగిలించుకొను వాయుసూచిక పనిచేయుచున్నదా అని పరీక్షించుట. నూరింట తొంబదితొమ్మిదిసార్లు ఈ పరీక్షలకు వచ్చు సమాధానము ఒక్కటే: అంతయు సరిగానే ఉన్నది. అనగా, ఏమియు రాలేదు.

ఆ వాయుసూచిక విషయమున ఒక పాఠము ప్రమాణవిచారము చేయువారికి మిక్కిలి ఉపయుక్తము. కొన్ని బావులనుండి హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువు వచ్చును. అది అత్యల్పముగా, గాలిలో పదిలక్షల పాళ్ళకు ఒక పాలు కూడ లేనప్పుడే, కుళ్ళిన కోడిగ్రుడ్డు కంపు కొట్టును. నూరు పాళ్ళకు చేరినచో కొద్ది నిమిషములలో ముక్కు మొద్దుబారి ఆ కంపు మాయమగును. అజ్ఞాని అప్పుడు విషము పోయినదని తలచును. నిజమునకు మృత్యువు సమీపించినది. పాళ్ళు ఇంకను పెరిగి వేయికి చేరినచో ఒకటి రెండు శ్వాసలలో మనిషి కూలిపోవును. దోషము పెరిగినకొలది దోషజ్ఞానము నశించుట! పాపమునకు అలవాటుపడిన మనస్సు పాపమును పాపముగా గుర్తింపజాలదని పెద్దలు చెప్పినది ఇదియే. అట్టి స్థితియందు తన ఇంద్రియమును నమ్మక, బయటి ప్రమాణమును నమ్మవలెను. ఎడారిలో అది యంత్రము, సాధకునికి శాస్త్రము.

అనుమానమునకును హద్దు ఉన్నదని అతడు మరియొక దినమున తెలిసికొనెను. తెరపై గీత కుడివైపునకు దూకినది. శిల విద్యున్నిరోధము పెరిగినది. ఉప్పునీరు విద్యుత్తును పోనిచ్చును, చమురు పోనీయదు. "చమురు!" అని అతడు ఉత్సాహముతో అనెను. పై అధికారి ప్రక్కనున్న సాంద్రత గీతను చూపెను. ఆ సున్నపురాతిలో రంధ్రములే లేవు, గట్టిబండ. నీరుండుటకే చోటు లేనప్పుడు నిరోధము పెరుగక ఏమగును? హేతువు ఉన్నది, సాధ్యము లేదు. నైయాయికులు దీనిని సవ్యభిచార హేతువందురు. సాధ్యమున్న చోటను, లేనిచోటను ఒకే విధముగా కనబడు హేతువు దేనిని నిరూపింపదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని అవసరము చివర వచ్చును.

శిక్షణ కాలమున క్రొత్తవారికి ఒక దుర్ఘటన వృత్తాంతమును బోధించిరి. 1988 జులై 6న ఉత్తరసముద్రమున 'పైపర్ ఆల్ఫా' అను చమురు వేదిక దగ్ధమై 167మంది మరణించిరి. ఆ పగలు ఒక పంపునకు సంబంధించిన రక్షణ కవాటమును మరమ్మతుకై తీసి, దాని స్థానమున తాత్కాలికముగా ఒక మూత పెట్టిరి. సాయంకాలమునకు పని పూర్తికాలేదు. కవాటము లేదను వార్త రాత్రి షిఫ్టువారికి చేరలేదు. రాత్రి రెండవ పంపు ఆగిపోగా, వారు మొదటిదానిని నడిపిరి. వాయువు వెలువడి అగ్ని అంటుకొన్నది. కలెన్ ప్రభువు విచారణ జరిపి 1990లో 106 సూచనలతో నివేదిక ఇచ్చెను. చమురు పరిశ్రమలో పని అనుమతిపత్రము నేడు అంత కఠినముగా పాటింపబడుటకు ఆ బూడిదయే కారణము.

ఆ అనుమతిపత్రమును, దానినే వారు పర్మిట్ అందురు, మొదటిసారి నింపునప్పుడు అతనికి ఏదో తెలిసిన వస్తువువలె తోచెను. ఏ స్థలమున, ఏ దినమున, ఏ గంటనుండి ఏ గంటవరకు, ఎవడు, ఎవని అనుజ్ఞతో, ఏ పని చేయును? ఇవి వ్రాసి, చదివి వినిపించి, సంతకము చేసిన పిదపనే చేయి కదపవలెను. ఇది సంకల్పమే గదా! దేశము, కాలము, కర్త, ఉద్దేశము, కర్మ. బాల్యమున యాంత్రికముగా వల్లించిన సంకల్పము అసలు ఎందుకున్నదో అతనికి అప్పుడు స్ఫురించెను. 'ఇప్పుడు, ఇచ్చట, నేను, దీనిని' అని తెలిసి చేయనిది కర్మ కాదు, చలనము మాత్రమే.

స్ఫురించుట వేరు, ఆచరించుట వేరు. ఆచరణ ఒక రాత్రి వచ్చినది. పదునాలుగు గంటలుగా నిద్ర లేదు. రేడియోధార్మిక పదార్థమును సాధనములో పెట్టవలసిన సమయము. బల్లపైని పర్మిట్‌ను అతడు చూచెను. దాని గడువు సాయంకాలము ఆరింటితో తీరినది. షిఫ్టు మారినది, క్రొత్త అధికారి సంతకము లేదు. రిగ్గు ఊరక నిలిచిన ప్రతి గంటకు ఎంత ధనము పోవునో అందరికిని తెలియును. "రెండు నిమిషాల పని, కానిద్దాం, సంతకం తర్వాత తెద్దాం" అని ప్రక్కవాడనెను. పనిని ఆపు అధికారము అతి క్రొత్తవానికిని ఉన్నదని మొదటి దినమున చెప్పియుండిరి. చెప్పుట సులభము. ఆకుపచ్చ హెల్మెట్ పెట్టుకొని, వయస్సున తండ్రివంటి వారి యెదుట, చేయెత్తి 'ఆపుడు' అనుట సులభము కాదు. ఉద్యోగము ఇంకను స్థిరపడలేదు. ఇంటివద్ద చదువునకై చేసిన అప్పు ఉన్నది. అతని గొంతు ఎండిపోయెను.

అయినను ఆపెను. క్రొత్త అధికారి వచ్చి, అందరిని దూరముగా నిలువుమని, చుట్టు కట్టిన అడ్డుతాడును నడచి చూచి, ప్రతి అంశమును మరల పరీక్షించెను. ముప్పదిఐదు నిమిషములు పట్టినది. దోషమేదియు బయటపడలేదు. ఒక్క లోపము దొరకియున్నను అతడు ఆనాడు వీరుడయ్యెడివాడు. ఏదియు దొరకనందున, కాలము వృథాచేసినవాడయ్యెను. ఒకరిద్దరు గొణిగిరి. అతడు సిగ్గుతో తలవంచి తన చోటికి పోయెను. ఈజిప్టు వృద్ధుడు టీ కప్పు తెచ్చి చేతికిచ్చి, "ఏం దొరికింది?" అని అడిగెను. "ఏమీ దొరకలేదు" అని ఇతడనెను. "అల్‌హమ్దులిల్లాహ్" అని అతడు భగవంతునికి కృతజ్ఞత తెలిపి, టీ త్రాగుమనెను.

ఏమీ దొరకలేదు. ఏమీ రాదు. తాతగారి మాట ఆ ఎడారిలో అర్థమైనది. రక్షణార్థము చేయు కర్మకు ఫలము ఎన్నడును కంటికి కనబడదు, ఏలయన దాని ఫలము జరుగకపోవుటయే. జరుగనిదానిని ఎవరు చూతురు? ఎవరు లెక్కింతురు?

ఇచ్చట శాస్త్రచర్చ కొంత అవసరము. నిత్యకర్మ చేయనిచో ప్రత్యవాయము, అనగా దోషము, కలుగునని మీమాంసకులు చెప్పిరి. భాట్టులు నిత్యకర్మకు పూర్వసంచిత దురితక్షయమును ఫలముగా అంగీకరించిరి. ప్రాభాకరులు ఫలాపేక్ష లేకయే, విధి యున్నదనుటచేతనే చేయవలెననిరి. శంకరభగవత్పాదులు తైత్తిరీయభాష్యమున ఒక సూక్ష్మమును విచారించిరి. చేయకపోవుట అభావము, అభావమునుండి భావరూపమైన దోషము ఎట్లు పుట్టును? కావున నిత్యకర్మను చేయకపోవుట దోషమును పుట్టించునది కాదు, లోపల ముందే సంచితమైయున్న దురితమును తెలుపు గుర్తు మాత్రమే.

చమురుబావి ఎరిగినవానికి ఈ సూక్ష్మము కరతలామలకము. పైపర్ ఆల్ఫాలో చేరని ఒక వార్త అగ్నిని పుట్టించినదా? లేదు. గొట్టములలో వాయువు ఒత్తిడితో ముందే ఉన్నది. భూగర్భమున కోట్ల సంవత్సరములుగా సంచితమైన శక్తి అది. అజాగ్రత్త దానిని సృష్టింపలేదు. దానికి ద్వారము తెరచినది. మన హృదయమునందును జన్మాంతరములనుండి సంచితమైన కామక్రోధములు అట్లే ఒత్తిడితో ఉన్నవి. సంధ్య మానినవానికి ఆ సాయంకాలమే కీడు జరుగదు. నగరమునందలి గొట్టముపై ప్రజలు ఎన్నో దినములు నిశ్చింతగా నడచిరి గదా! కీడు జరుగని ప్రతిదినము, 'మానినను ఏమియు కాలేదు' అను అసత్యమును బోధించుచుండును.

అంతర్వేది స్థలపురాణము ఈ సత్యమునే చెప్పుచున్నది. రక్తవిలోచనుడను అసురుని రక్తబిందువు ఇసుకపై పడిన చోట, తడిసిన ఇసుకరేణువులెన్నో అందరు రాక్షసులు లేతురని వరము. కావున నరసింహస్వామి వానిని సంహరించుటకు పూర్వము, రక్తము నేలపై పడకుండునట్లు దేవి జాగ్రత్త వహింపవలసి వచ్చినది. సంహారము ఒక్కసారి జరిగినది, భక్తులు దానిని కీర్తింతురు. బిందువు పడకుండ కాచిన పని కథలో రెండు వాక్యములు. అయినను ఆ పని లేనిచో సంహారమే లేదు. సంధ్యార్ఘ్యమును గూర్చి తైత్తిరీయ ఆరణ్యకము చెప్పు మందేహుల కథయు అట్టిదే. సూర్యుని ఎదిరించు ఆ రాక్షసులను మంత్రజలము త్రోసివేయును. వారు మరుదినము మరల వత్తురు. మరల అర్ఘ్యము ఈయవలెను. నిన్నటి ఓ రింగు నేటి బావికి చాలదు.

ఆ తరువాతి శుక్రవారము అతడు ఇంటికి ఫోను చేసెను.

"తాతగారూ, సంకల్పంలో ఇక్కడ ఏం చెప్పాలండీ? గోదావరి లేదు, మన దేశమూ కాదు."

అవతల కొంతసేపు నిశ్శబ్దము.

"నువ్వు ఎక్కడ నిలబడ్డావో ఆ చోటే చెప్పరా నాయనా. లేని నదిని ఉందనకు. సంకల్పంలో అబద్ధమాడకూడదు. చేతిలోకి నీళ్ళున్నాయా?"

"బాటిల్లో ఉన్నాయండీ."

"చాలు."

"పన్నెండు గంటల షిఫ్టు తాతగారూ. వేళ దాటిపోతుంది."

"దాటితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇంకొకటి ఉంది గదరా, నేర్పానుగా. ఆలస్యమైందని ఒప్పుకుని మరీ ఇవ్వడమే అది. పని మధ్యలో ఉంటే మనస్సులోనే చేసుకో. మానకు, అంతే."

శాస్త్రము ఎంత దయగలదో సాధకులు గమనింపవలెను. ముఖ్యకాలము తప్పినవానికి గౌణకాలము ఇచ్చినది. జలము లేనివానికి మానసికము ఇచ్చినది. ఆలస్యమును దాచిపెట్టక, దానిని నమోదుచేసికొనుటకు ఒక అర్ఘ్యమునే ఏర్పరచినది. మినహాయింపు ఈయనిది ఒక్కదానికే: మరచిపోవుటకు.

ఇంతమాత్రముచేత యంత్రపరీక్షయు సంధ్యావందనమును ఒకటే యని భ్రమింపరాదు. దృష్టాంతము సర్వాంశములలో సరిపోదు. ఓ రింగు కాపాడునది యంత్రమును, పర్మిట్ కాపాడునది దేహమును. నిత్యకర్మ శుద్ధిచేయునది చిత్తమును. అవి జీతమునకును భయమునకును చేయునవి. ఇది ఈశ్వరార్పణబుద్ధితో చేయవలసినది. అక్కడ జాగ్రత్త దేహము ఉన్నంతవరకే. ఇక్కడ చిత్తశుద్ధి జ్ఞానమునకు ద్వారము. దృష్టాంతము నిరూపించునది ఒక్కటే: 'ఫలము కనబడదు గనుక వ్యర్థము' అను వాదము నిలువదు. కనబడకపోవుట వ్యర్థకర్మయందును ఉన్నది, అత్యంతావశ్యకమైన రక్షణకర్మయందును ఉన్నది. కావున అది సవ్యభిచార హేతువు. గీత కుడివైపునకు దూకినంతనే చమురు కానట్లే, ఫలము కనబడనంతనే కర్మ వ్యర్థము కాదు.

ఈ న్యాయము ఒక కులమునకో ఒక మంత్రమునకో పరిమితము కాదు. రేవున పంటు నడుపువాడు ప్రతి ఉదయము త్రాడును తడిమి చూచును. కొబ్బరి దింపు తీయువాడు చెట్టెక్కుటకు ముందు తన మోకును లాగి చూచును. కోనసీమనుండి కువైట్, మస్కట్, దోహా పోయి పరుల ఇండ్లలో పనిచేయు తల్లులెందరో, అందరు నిద్రించిన పిదప తమ చిన్నగదిలో మనస్సునందే దీపము వెలిగించి నామము చెప్పుకొందురు. ఎవరికి విహితమైనది వారికి నిత్యము. దానిని ఎవరును చూడరు, ఎవరును మెచ్చరు. మానినచో తక్షణము ఎవరును అడుగరు. అందుచేతనే అది మనిషిని కొలుచును.

బిడ్డలను దూరదేశములకు పంపు తలిదండ్రులు, 'సంధ్య చేసినచో ఉద్యోగము నిలుచును, దీపము పెట్టినచో జీతము పెరుగును' అని చెప్పరాదు. అట్లు చెప్పినచో నిత్యము కామ్యమగును. జీతము పెరుగని నెలలో దీపము ఆరిపోవును. 'ఏమీ రాదు, అయినను చేయుము. నేనును చేయుచున్నాను' అని చెప్పగల పెద్దలు ఇంటిలో ఒక్కరున్న చాలును. ఆ మాట వెంటనే అర్థము కాకపోవచ్చును. ఏ బావి వద్దనో, ఏ రాత్రివేళనో, చేయెత్తి ఒక పనిని ఆపవలసిన క్షణమున అది పలుకును. ఏ కీడును జరుగక తెల్లవారిన ప్రతి ఉదయము వెనుక, ఎవరో ఒకరు ఎవరికిని కనబడక చేసిన కర్మ ఉన్నది. సూర్యుడు ఉదయించుచున్నప్పుడు దోసిట నీరు పట్టుట ఆ కర్మలో మన వంతు.

స్వస్తి.